రోబో కాళ్లు: నడిపించేది వేరు, నడక నేర్పేది వేరు

సంక్షిప్తంగా: చచ్చుబడిన కాళ్లకు తొడిగే రోబో చట్రాలు (ఎక్సోస్కెలిటన్లు) రెండు వేర్వేరు పనులు చేస్తాయి. వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారిని తొడుక్కున్నంతసేపు నడిపిస్తాయి. విప్పగానే పరిస్థితి మొదటికొస్తుంది. నరాల దారి కొంతైనా మిగిలినవారికి, ముఖ్యంగా బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి తొలి నెలల్లో ఉన్నవారికి, నడకను తిరిగి నేర్పే సాధనంగా పనిచేస్తాయి. ఎముకల బలం, కీళ్ల కదలిక, చేతుల సత్తువ, బీపీ సరిగా లేకపోతే రెండు పనులూ కుదరవు. ఇంటికి ఒకటి కొనడం కంటే ఆస్పత్రిలో ఒకటి పెట్టి పదిమందికి వాడడం మన పరిస్థితుల్లో అర్థవంతం. అదీ నడిపే మనిషి, బాగుచేసే మనిషి ఊళ్లో ఉంటేనే.

ఒక్క మాటలో ఇరుక్కున్న రెండు జబ్బులు

వాట్సాప్‌లో తరచూ రెండు రకాల వీడియోలు తిరుగుతుంటాయి. ఒకదాంట్లో కుర్రాడు వీల్‌చెయిర్‌లోంచి లేచి, నల్లటి చట్రం తొడుక్కుని, చేతికర్రలతో నడుస్తాడు. రెండోదాంట్లో పెద్దాయన ట్రెడ్‌మిల్ మీద వేలాడుతూ అడుగులేస్తాడు. రెండింటి కిందా 'పక్షవాతం వచ్చినవాళ్లు నడుస్తున్నారు' అనే రాస్తారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

పక్షవాతం అంటే అసలు అర్థం ఒక పక్క పడిపోవడం. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా చిట్లినా కుడి పక్కో ఎడమ పక్కో చచ్చుబడుతుంది. ఇక్కడ వెన్నుపాము బాగానే ఉంటుంది, ఆజ్ఞ ఇచ్చే చోట దెబ్బ తగిలింది. మెదడుకు మిగిలిన భాగాలతో కొత్త దారులు వేసుకునే గుణం ఉంది కాబట్టి మెరుగుదలకు అవకాశం ఉంటుంది.

నడుము కింది భాగమంతా చచ్చుబడడం మరో సంగతి. ఎత్తు నుంచి పడడం, రోడ్డు ప్రమాదాలు దేశంలో దీనికి ప్రధాన కారణాలు. కట్టడం పనులు, ఓడరేవు పనులు, పదహారో నంబరు జాతీయ రహదారి ఉన్న విశాఖకూ, తాటి, కొబ్బరి చెట్లెక్కే చుట్టుపక్కల పల్లెలకూ ఈ రెండు కారణాలూ కొత్తవి కావు. ఇక్కడ ఆజ్ఞ బాగానే బయల్దేరుతుంది, మధ్యలో తీగ తెగింది. తీగ పూర్తిగా తెగిందా, కొన్ని పోగులు మిగిలాయా అన్నదాన్ని డాక్టర్లు ఏఎస్ఐఏ (ఏషియా) అనే స్కేలు మీద ఏ నుంచి ఈ వరకు గుర్తిస్తారు. ఏ అంటే వెన్నుపాము చిట్టచివరి నరాలు చేరే మలద్వారం దగ్గర కదలిక గానీ స్పర్శ గానీ మిగల్లేదని, డి అంటే కండరాల్లో సగానికి సగమైనా భూమ్యాకర్షణకు ఎదురు కదలగలుగుతున్నాయని. యంత్రం గురించి ఆలోచించేముందు కేసు షీటులో వెతకాల్సింది ఈ ఒక్క అక్షరాన్నే.

మన దగ్గర మూడో రకమూ ఉంది. వెన్నుపూసకు టీబీ సోకి, చీము వెన్నుపామును నొక్కడంవల్ల కాళ్లు పడిపోతాయి. మందులతో, అవసరమైతే ఆపరేషన్‌తో, ఇందులో చాలామంది తమ కాళ్ల మీదే నడుస్తారు. ఆ వైద్యం ముగియకుండా రోబో కాళ్ల గురించి ఆరా తీయడం దండగ.

చట్రంలో ఏముంటుంది

ఆలోచన కొత్తది కాదు. 1960ల చివర్లో బెల్‌గ్రేడ్‌లోని మిహైలో పుపిన్ సంస్థలో వుకొబ్రాటొవిచ్ బృందం గాలి పీడనంతో పనిచేసే కాళ్ల చట్రాలు తయారుచేసింది. అవి అప్పట్లో రోజువారీ వాడకానికి రాలేదు. తేలికైన లిథియం బ్యాటరీ, చిన్న మోటారు, చవక సెన్సర్ అందుబాటులోకి వచ్చాకే ఈ చట్రాలకు బయట తిరిగే యోగం పట్టింది.

ఇప్పటి యంత్రాల్లో తుంటి దగ్గర రెండు, మోకాళ్ల దగ్గర రెండు, మొత్తం నాలుగు మోటార్లు సర్వసాధారణం. చీలమండ దగ్గర చాలావాటిలో మోటారు ఉండదు, పాదం కిందికి వాలిపోకుండా స్ప్రింగు పట్టి ఉంచుతుంది. నడుముకు ఒక పట్టా, తొడలకూ పిక్కలకూ మెత్తటి పట్టీలు, బూటు లోపల ఇమిడే పాదపలక. వీపున గానీ నడుము వెనుక గానీ బ్యాటరీ, కంప్యూటరు. కటి ఎంత వాలిందో చెప్పే సెన్సర్, ఒక్కో కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో చెప్పే ఎన్‌కోడర్. రీవాక్ అనే యంత్రం మొత్తం బరువు సుమారు 23 కిలోలు, ఇండెగో అనేది దాదాపు 12 కిలోలు. ఆ బరువు మనిషి మీద పడదు, పాదపలక గుండా నేలకు దిగుతుంది. అయితే తొడిగేటప్పుడూ ఆటోలోకి ఎక్కించేటప్పుడూ మోయాల్సింది ఇంట్లోవాళ్లే.

ఆజ్ఞ అందుకునే తీరును బట్టి ఇవి మూడు దారుల్లో వెళ్లాయి. రీవాక్, ఎక్సో, ఇండెగో లాంటివి ఒంటి వాలును చూసి అడుగు వేస్తాయి. జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో సంకాయ్ యోషియుకి మొదలుపెట్టిన హాల్ యంత్రం తొడ చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడ్లతో కండరానికి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పట్టుకుని దానికి మోటారు బలం జోడిస్తుంది. సంకేతం కొంచెమైనా ఉన్నవాళ్లకే ఈ పద్ధతి పూర్తిగా అక్కరకొస్తుంది. న్యూజిలాండ్ రెక్స్, ఫ్రాన్స్‌కు చెందిన వాండర్‌క్రాఫ్ట్ తయారుచేసిన అటలాంట్ తమంతట తామే నిలబడతాయి కాబట్టి కర్రలు అక్కర్లేదు. అందుకు తగ్గట్టే అవి పెద్దవి, బరువైనవి.

కర్రల సంగతి చిన్నదేం కాదు. రీవాక్‌ను రూపొందించిన ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్‌కు 1997 ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. చేతుల్లో చాలినంత పట్టు లేకపోవడంతో, తాను తయారుచేసిన యంత్రాన్ని తానే వాడుకోలేకపోయారు. రెండు చేతులూ ఊతకర్రల మీద ఒంటి బరువును ఆపగలగాలన్న షరతు ఇప్పటికీ చాలా యంత్రాలకు వర్తిస్తుంది.

ఒక అడుగు వెనుక జరిగేది

మామూలు నడకలో ఒక్కో కాలు దాదాపు 60 శాతం సమయం నేల మీద, 40 శాతం గాలిలో ఉంటుంది. యంత్రం దీన్నే అనుకరించాలి. కాలు ఎప్పుడు ఎత్తాలో మాత్రం మనిషి చెప్పాలి. క్రమం ఇలా సాగుతుంది. ముందు రెండు కర్రలనూ ఒక అడుగు ముందుకు ఆనించాలి. బరువును ఎడమ కాలి మీదికి పక్కకు జరపాలి. తర్వాత కటిని కొంచెం ముందుకు వాల్చాలి. ఆ వాలు నిర్ణీత కోణం దాటగానే కుడి తుంటి, కుడి మోకాలి మోటార్లు పనిచేస్తాయి. మోకాలు వంగుతుంది, తొడ ముందుకు వస్తుంది, మోకాలు చాచుకుని మడమ నేలను తాకుతుంది. మళ్లీ కర్రలు, ఈసారి బరువు కుడికి.

తప్పటడుగులు ఎక్కువగా రెండో మెట్టులోనే పడతాయి. బరువు పక్కకు పూర్తిగా జరక్కముందే ముందుకు వాలితే, ఎత్తాల్సిన కాలి మీదే బరువు ఉండిపోతుంది. మోటారు ఎత్తబోతుంది, కాలు రాదు, కరెంటు వాడకం పెరిగిపోతుంది, భద్రత కోసం యంత్రం ఆగిపోతుంది లేదా బొటనవేలు నేలను రాసుకుంటుంది. కొత్తవాళ్లు 'మోటారులో బలం లేదు' అనుకునేది చాలాసార్లు ఇదే. కర్రలు మరీ ముందుకు వేయడం రెండో పొరపాటు. అలా వేస్తే ఛాతీ ముందుకు పడి, తుంటి వెనక్కే ఉండిపోతుంది.

కాళ్లలో ఉన్నట్టుండి వచ్చే బిగుతు మరో అడ్డంకి. వెన్నుపాము దెబ్బతిన్న చాలామందికి కండరాలు వాటంతటవే బిర్రబిగుస్తాయి. మోకాలు వంచబోయే మోటారుకు అది ఎదురు తన్నుతుంది, యంత్రం దాన్ని అడ్డంకిగా భావించి నిలిచిపోతుంది. మూత్రాశయం నిండినా, మలబద్ధకం ఉన్నా, గోరు చర్మంలోకి గుచ్చుకున్నా బిగుతు పెరుగుతుంది. అందుకే తొడిగేముందు కాథెటర్ (సన్నటి గొట్టం) వేసి మూత్రం తీసేస్తారు. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, నడక సాగడానికి చేసే పని.

బ్యాటరీ అయిపోతే ఏమవుతుందన్నది కుటుంబాలు తప్పక అడగాల్సిన ప్రశ్న. కొన్ని యంత్రాలు కీళ్లను మెల్లగా వదులుతూ మనిషిని కిందికి దించుతాయి, కొన్ని మోకాళ్లను బిగించి నిలబెట్టేస్తాయి. మొదటి రకానికి వెనుక కుర్చీ ఉండాలి, రెండో రకానికి పట్టుకునే మనిషి ఉండాలి. ఇంట్లో వాడడానికి అనుమతి పొందిన యంత్రాలకు కూడా శిక్షణ పొందిన తోడు మనిషి ఉండాలన్న షరతు అందుకే.

తొడిగేముందు తేల్చుకోవాల్సినవి

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014 జూన్‌లో రీవాక్‌కు అనుమతి ఇచ్చినప్పుడు హద్దులు గీసింది. వెన్నులో పై నుంచి కిందికి వేసే నంబర్లలో (టీ అంటే ఛాతీ భాగం, ఎల్ అంటే నడుము భాగం) టీ7 నుంచి ఎల్5 మధ్య గాయమైనవారు తోడు మనిషితో ఇంట్లో వాడవచ్చు. టీ4 నుంచి టీ6 వరకు అయితే పునరావాస కేంద్రంలోనే వాడాలి. బొడ్డు స్థాయి టీ10 అనుకుంటే, టీ7 రొమ్ము ఎముక కొసకు కాస్త దిగువన ఉంటుంది. గాయం పైకి వెళ్లేకొద్దీ నడుమును నిలబెట్టే కండరాలు తగ్గుతాయి, వాలు సైగ ఇవ్వడం కష్టమవుతుంది. ఎక్సో యంత్రానికి 2016లో స్ట్రోక్ రోగుల కోసం కూడా అనుమతి వచ్చింది, అయితే అది ఆస్పత్రి వాడకానికే.

శరీర కొలతలు మొదటి జల్లెడ. రీవాక్‌కు ఎత్తు 160 నుంచి 190 సెంటీమీటర్లు, బరువు 100 కిలోల లోపు ఉండాలి. ఈ కింది హద్దు మన ఆడవాళ్లలో చాలామందిని మొదట్లోనే పక్కన పెట్టేస్తుంది. విదేశీ కొలతల యంత్రం దిగుమతి చేసుకునే ముందు చూడాల్సిన సంగతుల్లో ఇది ఒకటి.

తర్వాత కీళ్లు. తుంటి, మోకాలు పూర్తిగా చాచినప్పుడు మహా అయితే పది, పన్నెండు డిగ్రీల వంపు మిగలవచ్చు. పాదాన్ని పిక్కకు లంబకోణం దాకా తేగలగాలి. ఏడాదిపాటు మంచం మీదో కుర్చీలోనో వంచి ఉంచిన మోకాళ్లు పట్టేసి ఉంటాయి. అలాంటి కాలును చట్రంలో బలవంతంగా చాస్తే విరిగేది చట్రం కాదు. గాయమైన తొలి వారం నుంచే రోజూ కీళ్లు ఆడించి ఉంచినవాళ్లకే తర్వాత ఈ తలుపు తెరుచుకుంటుంది. ఖర్చు లేని పని, వదిలేసేదీ దీన్నే.

ఎముకలు అంతకన్నా కీలకం. బరువు మోయని కాళ్లలో ఎముక వేగంగా గుల్లబారుతుంది. మోకాలి చుట్టూ ఉన్న భాగంలో మొదటి రెండు, మూడేళ్లలోనే మూడో వంతు నుంచి సగం దాకా సాంద్రత పోవచ్చు. ఎక్సోస్కెలిటన్ నడకలో మడమ ఎముక, పిక్క ఎముక విరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చిక్కేమిటంటే నొప్పి తెలియదు. వాపు, వేడి, కారణం తెలియని బిగుతు మాత్రమే ఆనవాళ్లు. అందుకే ముందుగా తుంటితో పాటు మోకాలి దగ్గర కూడా ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అడగాలి. తుంటి ఒక్కటే చూస్తే అసలు బలహీనత కనబడకపోవచ్చు.

చాలాకాలం పడుకుని ఉన్న మనిషిని ఒక్కసారి నిలబెడితే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. అందుకే ముందు టిల్ట్ టేబుల్ మీద 30 డిగ్రీలు, తర్వాత 45, 60 అంటూ కొన్ని రోజుల మీద లేపుతారు. టీ6, అంతకన్నా పైన గాయమైనవారిలో దీనికి తలకిందులు ప్రమాదం ఉంది. పట్టీ బిగుసుకోవడం, నిండిన మూత్రాశయం లాంటి చిన్న కారణానికే బీపీ అమాంతం పెరుగుతుంది. పగిలిపోయేంత తలనొప్పి, గాయానికి పైభాగంలో చెమట, ముఖం ఎర్రబడడం లక్షణాలు. దీన్నే అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. వెంటనే కూర్చోబెట్టి, పట్టీలన్నీ వదులు చేసి, మూత్రం గొట్టం మెలికపడిందేమో చూడాలి. పడుకోబెట్టకూడదు, పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది.

ఇక చర్మం. చట్రం కీలు, మనిషి కీలు ఒకే గీత మీద ఉండాలి. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు తప్పినా ప్రతి అడుగుకూ పట్టీ చర్మాన్ని పైకీ కిందికీ లాగుతుంది. అరగంటలో కొన్ని వందల అడుగులు పడతాయి. విప్పగానే పిక్కల ముందుభాగం, మడమలు, తుంటి పక్కలు, పిరుదుల మధ్య చూడాలి. ఎర్రదనం అరగంటలో పోకపోతే ఆ చోట చర్మం దెబ్బతిన్నట్టే. అది మానేదాకా నడక బంద్.

కొలతల్లో కనిపించేవి, కనిపించనివి

వెన్నుపాము దెబ్బతిన్నవారిపై వచ్చిన 15 అధ్యయనాలను కలిపి చూసిన 2015 సమీక్షలో రోబో చట్రాల సగటు నడక వేగం సెకనుకు 0.26 మీటర్లు. మామూలు మనిషి 1.2 మీటర్ల పైన నడుస్తాడు. 12 మీటర్ల వెడల్పున్న రోడ్డు దాటడానికి ఒకరికి పది సెకన్లు పడితే, మరొకరికి 46 సెకన్లు. జగదాంబ సెంటర్‌లో సిగ్నల్ మారేలోపు అవతలికి చేరడం కష్టమే. వీల్‌చెయిర్ ఇంతకు మూడు, నాలుగు రెట్లు వేగంగా పోతుంది. అందుకే తయారీదారులు కూడా దీన్ని వీల్‌చెయిర్‌కు ప్రత్యామ్నాయమని చెప్పరు.

మరి నిలబడడంవల్ల మేలుందా? ఒంట్లో బిగుతు తగ్గిందని, విరేచనం సాఫీ అయిందని, నొప్పి తగ్గిందని వాడినవారిలో కొందరు చెప్పినట్టు చిన్న అధ్యయనాలు నమోదుచేశాయి. పెద్ద పరీక్షలో ఆ ఉత్సాహం నిలవలేదు. అమెరికాలో 15 కేంద్రాల్లో 161 మంది మాజీ సైనికుల మీద జరిగిన యాదృచ్ఛిక ట్రయల్ (ఎవరు ఏ గుంపులోకన్నది లాటరీలా తేల్చే పరీక్ష) ఫలితాలు 2024లో వచ్చాయి. సగం మందికి వీల్‌చెయిర్‌తో పాటు ఇంటికి ఎక్సోస్కెలిటన్ ఇచ్చారు, మిగతావారికి వీల్‌చెయిరే. మానసిక ఆరోగ్యంలో గానీ, మలమూత్ర ఇబ్బందులకు సంబంధించిన జీవన నాణ్యతలో గానీ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యంత్రం పనిచేయదని దీని అర్థం కాదు. తోడు మనిషి దొరికి, ఒళ్లు సహకరించి, తొడిగి విప్పే ఓపిక ఉన్నప్పుడే అది బయటకు వస్తుందని, అలాంటి గంటలు వారంలో తక్కువని అర్థం.

స్ట్రోక్ విషయంలో చిత్రం మారుతుంది. 62 ట్రయల్స్, 2,440 మంది రోగుల వివరాలతో వచ్చిన 2020 కోక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించే సంస్థ) సమీక్ష ప్రకారం, మామూలు ఫిజియోథెరపీకి యంత్రంతో నడక సాధన జోడిస్తే సొంతంగా నడవగలిగేవారి సంఖ్య పెరుగుతుంది. స్ట్రోక్ వచ్చిన మూడు నెలల లోపు మొదలుపెట్టినవారికి, అప్పటికి అసలు నడవలేనివారికి లాభం ఎక్కువ. అప్పటికే తడబడుతూనైనా నడిచేవారికి అంతగా లేదు.

కారణం వింత కాదు. నడక నేర్చుకోవడానికి వందల, వేల సార్లు ఒకే కదలిక జరగాలి. అడుగు పడని రోగిని ఇద్దరు ఫిజియోథెరపిస్టులు చెరో పక్క పట్టుకుని నడిపిస్తే, ఇరవై నిమిషాలకే వారి నడుము పట్టేస్తుంది, రోగికి పడే అడుగులు కొన్ని పదులే. యంత్రం అలసిపోదు. అయితే అది మొత్తం పని తానే చేసేస్తే మెదడు బద్ధకిస్తుంది. అందుకే మంచి యంత్రాల్లో సాయం తగ్గించే సెట్టింగు ఉంటుంది. రోగి ఎంత చేయగలడో కొలిచి, తక్కువైన మేరకే మోటారు అందుకుంటుంది. వారాలు గడిచేకొద్దీ ఆ అంకెను తగ్గిస్తూ పోవాలి. నెల తర్వాత కూడా సాయం శాతం మొదట ఉన్నచోటే ఉంటే అక్కడ జరుగుతున్నది వైద్యం కాదు, ఊరేగింపు.

విశాఖ నేల మీద

ఈ యంత్రాల పరీక్షలు ఎక్కువగా నున్నటి నేలలున్న, ఏసీ నడిచే హాళ్లలో జరిగాయి. మామూలు నడకలోనే గాలిలో ఉన్న బొటనవేలుకూ నేలకూ మధ్య ఖాళీ, అతి తక్కువగా ఉండే క్షణంలో, ఒకటి, రెండు సెంటీమీటర్లే. యంత్రంలో దీన్ని కొంత పెంచుకోవచ్చు. అయినా పసుపు రాసిన గడప, వాకిట్లో పరిచిన గోనె పట్టా, వానకు తడిసిన టైల్స్, ఇవన్నీ దానికి పరీక్షలే. బీచ్ రోడ్డు కాలిబాట వరకు సరే, ఇసుకలో దిగితే కర్ర మొన కూరుకుపోయి, పాదం ఒక పక్కకు ఒరిగి, వాలు సెన్సర్ పొరబడుతుంది. రీవాక్‌కు మెట్లు, కాలిబాట అంచులు ఎక్కడానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2023లోనే. కొండ వాలుల్లో ఇళ్లు కట్టుకున్న ఊరికి ఇది పట్టించుకోవాల్సిన విషయం.

ఉక్కపోత ఇంకో సంగతి. గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు కాబట్టి, పైన గాయమైనవారి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాధన ఉదయం పూటే పెట్టుకోవాలి. పట్టీల కింద తడి నిలిచి చర్మం నానుతుంది, నానిన చర్మం రాపిడికి త్వరగా లేస్తుంది. పలచటి నూలు లెగ్గింగ్స్ ముడతలు లేకుండా వేసి, మెత్తల కవర్లు రెండు జతలు ఉంచుకుని, ప్రతి మనిషికీ మార్చాలి. ఉప్పుగాలికి చార్జింగ్ పిన్నులు, తీగల కొసలు చిలుము పడతాయి. బ్యాటరీ బాగుండి యంత్రం ఆన్ కాకపోతే మొదట చూడాల్సింది అవే.

యంత్రం లేకుండా చేయగలిగింది తక్కువేం కాదు. కాలిపర్లు (కాళ్లకు కట్టే లోహపు ఊతాలు) కట్టుకుని వాకర్‌తో నిలబడడం పాత పద్ధతే, అయితే ఒళ్లు హూనమవుతుంది. నిలబెట్టే ఫ్రేములో రోజుకు అరగంట నిలబడవచ్చు, స్థానిక వెల్డింగ్ షాపులో కూడా చేయించుకోవచ్చు. మనిషిని నిలబెట్టే 'అరైజ్' వీల్‌చెయిర్‌ను ఐఐటీ మద్రాస్ 2019లో తెచ్చింది. ఈ జిల్లాల నుంచి చాలామంది రైలెక్కి కాట్పాడిలో దిగి వెళ్లే వెల్లూరు సీఎంసీలో, ప్రమాదంలో తన కాళ్లే చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ 1966లో ప్రారంభించిన పునరావాస కేంద్రం ఇప్పటికీ నేర్పేది ముందు ఇదే క్రమం: మంచం మీంచి కుర్చీలోకి సొంతంగా మారడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, మూత్రం సంగతి సర్దుకోవడం, తర్వాతే నడక.

డబ్బు, రిపేరు

అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2024లో ఇంటి ఎక్సోస్కెలిటన్‌కు ఇచ్చే ధరను సుమారు 91 వేల డాలర్లుగా నిర్ణయించింది. అప్పటి మారకంలో దాదాపు రూ.76 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి, మంచానికో వీల్‌చెయిర్‌కో పూర్తిగా పరిమితమైనవారికి ఇస్తున్న పింఛను నెలకు రూ.15,000. పైసా ఖర్చు పెట్టకుండా కూడబెట్టినా 42 ఏళ్లు పడుతుంది. కేంద్రం దివ్యాంగులకు ఆడిప్ పథకం కింద ఇచ్చేవి వీల్‌చెయిర్లు, కర్రలు, మూడు చక్రాల బళ్ల లాంటివి.

కొన్నాక మొదలయ్యే చిక్కు వేరే. 2024లో అమెరికాలో గుర్రప్పందేల మాజీ జాకీ ఒకరి యంత్రం ఆగిపోయింది. కాళ్లలో లోపమేమీ లేదు, చేతికి పెట్టుకునే వాచీ లాంటి రిమోట్‌లో బ్యాటరీ తీగ ఊడింది. యంత్రం పాతబడింది కాబట్టి బాగుచేయలేమన్నారు. వార్తల్లోకి ఎక్కాకే కదలిక వచ్చింది. లక్ష డాలర్ల కాళ్లు పది, ఇరవై డాలర్ల తీగ దగ్గర ఆగిపోయాయి. తయారీదారు సముద్రాల అవతల ఉన్నప్పుడు ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

అందుకే దేశీ తయారీ మీద చూపు పడుతోంది. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బాండికూట్ రోబోతో పేరు తెచ్చుకున్న తిరువనంతపురం కంపెనీ జెన్‌రోబోటిక్స్, ఆస్పత్రుల కోసం జీ-గైటర్ అనే నడక శిక్షణ రోబోను తయారుచేసింది. విశాఖకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. పెదగంట్యాడ వైపు 270 ఎకరాల్లో, 2018 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల విద్యుత్ భద్రత, విద్యుదయస్కాంత జోక్యం పరీక్షించే ల్యాబులు, త్రీడీ ప్రింటింగ్ సౌకర్యం ఉన్నాయి. మోటార్లు, కంట్రోలర్లు వెంటనే ఇక్కడ తయారవకపోయినా, 150 సెంటీమీటర్ల మనిషికి సరిపోయే తొడ కడ్డీలు, పాదపలకలు, మెత్తలు లాంటివి స్థానికంగా చేసుకోవచ్చు. కొనే ఆస్పత్రి మాత్రం లైసెన్సు కాగితం చూడకుండా ముందుకు పోకూడదు. 2017 వైద్య పరికరాల నిబంధనలు 2020 ఏప్రిల్ నుంచి దాదాపు అన్ని పరికరాలకూ వర్తిస్తున్నాయి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. యంత్రం రూ.70 లక్షలు, ఆయుష్షు ఐదేళ్లు, ఏటా సర్వీసు కాంట్రాక్టు రూ.7 లక్షలు, ఏడాదికి 250 పనిదినాలు అనుకుందాం. తొడిగి, నడిపించి, విప్పి, చర్మం చూడడానికి ఒక్కొక్కరికి గంట చొప్పున రోజుకు ఆరుగురు. ఐదేళ్లలో 7,500 సెషన్లు. సెషన్‌కు యంత్రం ఖర్చు రూ.1,400. ఫిజియోథెరపిస్టు జీతం దీనికి అదనం. ఒక మనిషికి వారానికి మూడు చొప్పున 30 సెషన్లు ఇస్తే యంత్రం ఖర్చు రూ.42,000 అవుతుంది. శ్రీకాకుళం నుంచి అల్లూరి జిల్లా దాకా రోగులు వచ్చే విశాఖ ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ లాంటి చోట రోజుకు ఆరుగురు దొరకడం కష్టం కాదు. పది వారాలపాటు విశాఖలో ఉండడానికి గది, తోడు వచ్చినవారి కూలి నష్టం ఎవరు భరిస్తారన్నదే కష్టం. పాడేరు నుంచి వచ్చినవారికి సెషన్ ఉచితమైనా ఈ ఖర్చు తప్పదు.

అదే యంత్రం మీద రోజుకు ఇద్దరే నడిస్తే సెషన్ ఖర్చు రూ.4,200కు చేరుతుంది. యంత్రాన్ని నడపడం తెలిసిన ఏకైక ఫిజియోథెరపిస్టు బదిలీ అయినప్పుడో, మోకాలి పట్టీ తెగి విడిభాగం కోసం ఎదురుచూస్తున్నప్పుడో సెషన్ల సంఖ్య సున్నాకు పడిపోతుంది. టెండరు కాగితంలో మోటార్ల టార్కు (తిప్పే బలం) ఎంతో రాసే చోటే, కనీసం ముగ్గురు ఫిజియోథెరపిస్టులకు శిక్షణ, రెండు అదనపు బ్యాటరీలు, మూడు కొలతల పట్టీలు, ఎన్ని గంటల్లో సర్వీసు మనిషి రావాలి అన్నవి కూడా రాయించుకోవాలి.